పదకొండో నంబరు స్లైడు

ఏప్రిల్ 7, మంగళవారం

ఉదయం పది గంటలకు పంతొమ్మిది ట్యూబులు వచ్చాయి. ఒక్కో మనిషిది రెండు చెంచాలంత రక్తం. పేర్లు లేవు, ఒకటి నుంచి పంతొమ్మిది దాకా నంబర్లు. పేర్ల కాగితం హెడ్ సిస్టర్ బీరువాలో ఉంటుంది. మైక్రోస్కోపు కింద చూసి లెక్కపెట్టేవాళ్ళకు ఏది ఎవరిదో తెలియకూడదని రూలు. పన్నెండేళ్ళ క్రితం ఈ ఆస్పత్రిలో ఆ రూలు పెట్టింది నేనే.

నిన్న అణు కరెంటు ప్లాంటులో ఏదో పేలింది. ఏం పేలిందో టీవీలో తలా ఒకటి చెబుతున్నారు. బూడిద పడిన మాట మాత్రం నిజం. అది పడుతున్నప్పుడు గేటు పక్క సబ్‌స్టేషన్‌లో కరెంటు లైనువాళ్ళు ఆరు గంటలు పనిచేశారు, లోపలి పంపులు ఆగిపోకుండా. ఆ పంతొమ్మిది మందే ఈ పంతొమ్మిది ట్యూబులు.

పదకొండున్నరకు మరదలు, మా తమ్ముడి భార్య, ఫోన్ చేసింది.

"వదినా, ఈయన మీ ఆస్పత్రిలోనే ఉన్నాడంట. నన్ను గేటు దాటనివ్వట్లేదు. నువ్వు లోపలే ఉన్నావు కదా, ఒక్కసారి చూసి చెప్పవా?"

తమ్ముడు లైన్‌మన్. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ సంగతి నాకు గుర్తు రాలేదా? వచ్చింది. వాడి డ్యూటీ అటువైపు కాదనుకున్నాను. అనుకుని టీ తాగాను.

వార్డుకు వెళ్ళాను. అందరినీ మూడేసి సార్లు కడిగారు, తలలు నున్నగా గొరిగారు. వరసగా పంతొమ్మిది గుండ్లు. మా తమ్ముడెవరో ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను.

"జన్మలో ఇంత శుభ్రంగా లేనక్కా," అన్నాడు. "మీ మీటరాయన నా చెవుల్లో కూడా మీటరు పెట్టాడు. ఇక పెట్టడానికి చోటు లేక వదిలేశాడు."

మీటరాయన అంటే రేడియేషన్ కొలిచే అతను. అందరూ అలాగే పిలుస్తారు, అతని ముందు కూడా.

"వాంతయిందా?"

"ఒక్కసారి. సాయంత్రం ఎప్పుడో, వ్యాన్‌లో వస్తుంటే. ఆ డ్రైవరు నడపడం చూస్తే నీకైనా అవుతుంది."

సాయంత్రమంటే చాలాసేపటికి. మొదటి వాంతి ఎంత ఆలస్యమైతే అంత తక్కువ తగిలినట్టు. మరదలికి ఫోన్ చేసి బాగానే ఉన్నాడని చెప్పాను.

ఆ తర్వాత పెద్దాయన గదికి వెళ్ళాను. రక్తరోగాల డాక్టరు ఆయన, మా బృందానికి పెద్ద. తమ్ముడు వార్డులో ఉన్నాడని చెప్పాను.

"కష్టమనిపిస్తే చెప్పమ్మా. స్లైడ్లు ఇంకో ఊరి ల్యాబుకి పంపిద్దాం."

"వాళ్ళకు వారం పడుతుంది సార్. అయినా నంబర్లే కదా. ఏది ఎవరిదో నాకెలా తెలుస్తుంది?"

"అదీ నిజమే," అన్నారాయన.

అదీ నిజమే.


ఏప్రిల్ 8

కణాలు ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెరుగుతున్నాయి. నలభై ఎనిమిది గంటలు. అంతవరకు చేయడానికేమీ లేదు. పెట్టె తలుపు మీద రెండుసార్లు చెయ్యి వేసి తీసేశాను.


ఏప్రిల్ 9, గురువారం

స్లైడ్లు వేశాం, నేనూ డేగా. డేగ మా టెక్నీషియన్. ఇరవై ఆరేళ్ళ పిల్ల. చేరిన మొదటి వారంలోనే నేను వదిలేసినదొకటి పట్టుకుంది. అప్పటినుంచి ఆ పేరు. స్టూలెక్కి, చెయ్యి పైకెత్తి, అంత ఎత్తునుంచి గాజుపలక మీదికి చుక్క వదులుతుంది. ఎత్తునుంచి పడితేనే కణం బాగా చిట్లి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుంటాయి.

"మేడమ్, మా అమ్మకు నా ఉద్యోగమేంటో ఇప్పటికీ అర్థం కాదు," అంది స్టూలు మీదినుంచి. "స్టూలెక్కి చుక్కలు జారవిడుస్తానని చెప్పా. దానికి డిగ్రీ ఎందుకే అంది."

నవ్వాను. నవ్వానని గుర్తుంది.


ఏప్రిల్ 10, శుక్రవారం

ఇవాళ లెక్క.

ప్రతి క్రోమోజోముకూ ఒక నడుముంటుంది. రేడియేషన్ రెండింటిని విరగ్గొడితే, కణం కంగారులో దీని ముక్క తీసి దానికి అతికించుకుంటుంది. అప్పుడు రెండు నడుములది ఒకటి పుడుతుంది. మనిషికి యాభై కణాలు చూసి, అలాంటివి ఎన్నో లెక్కపెడతాం. ఎన్ని ఎక్కువుంటే అంత ఎక్కువ తగిలినట్టు. చిక్కల్లా ఒకటే. రెండు మామూలువి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడినా అలాగే కనిపిస్తుంది. ఏది అతుకో ఏది అడ్డమో తేల్చే మిషను మా దగ్గర లేదు. కన్నే తేల్చాలి. ఇరవై ఏళ్ళుగా నా కన్ను తేలుస్తోంది.

నేనూ డేగా వేరు వేరుగా చూస్తాం, ఒకరి అంకె ఒకరికి చెప్పుకోం. ఇద్దరూ రాశాక సగటు తీస్తాం. ఐదు కన్నా ఎక్కువ తేడా వస్తే ఒకే మైక్రోస్కోపు దగ్గర ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం.

పది స్లైడ్లు మామూలుగానే గడిచాయి. పదకొండులో మూడో కణం దగ్గర ఆగిపోయాను.

చిన్న క్రోమోజోముల్లో ఒకదాని నెత్తిన పెద్ద టోపీ.

ఎం.ఎస్సీ.లో మొదటిసారి చూసింది నా రక్తమే. అందులోనూ ఈ టోపీ ఉంది. జబ్బేమోనని ఏడ్చినంత పని చేశాను. మా ప్రొఫెసరు, "కంగారు పడకు, ఏ హానీ లేదు, కొన్ని కుటుంబాల్లో ఉంటుంది, ఇంట్లో ఇంకెవరిదైనా తీసుకురా," అంది. తమ్ముడికి ఐస్‌క్రీమ్ ఆశ చూపించి వాడి రక్తం పట్టుకెళ్ళాను. వాడిలోనూ అదే. అదే చోట, అదే టోపీ. ఆ తర్వాత ఇన్నేళ్ళలో కొన్ని వేల మంది రక్తం చూశాను. అంత పెద్ద టోపీ మళ్ళీ కనబడలేదు.

స్లైడు తీసి పక్కన పెట్టాలి. ఇది నేను చూడకూడదని డేగతో చెప్పాలి. అంతే. లేవలేదు. ఎవరిదో తెలిసినంత మాత్రాన కన్ను మారిపోతుందా, నిజాయితీగా లెక్కపెడితే చాలదా అనుకున్నాను. నాలుగో కణానికి వెళ్ళాను.

పద్నాలుగు వచ్చాయి.

మూడింటికి డేగ తన కాగితం పట్టుకొచ్చింది.

"మేడమ్, పదకొండులో మనిద్దరికీ బాగా తేడా వచ్చింది. నాకు ఇరవై నాలుగు."

ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే కణాన్ని చూశాం.

"ఇదీ?" అంది.

"అడ్డంగా పడింది. మధ్యలో సన్నగా వెలుగుంది చూడు."

"నాకు కనబడట్లేదు మేడమ్."

"సరిగ్గా చూడు."

కాసేపు చూసింది. "ఆఁ... మీరు చెబుతుంటే ఉన్నట్టే ఉంది."

"ఇదీ అంతే."

"ఇదీనా?"

"దీని కింద రెండోదాని కొస బయటికొచ్చింది కదా."

"అవునేమో మేడమ్. మీ కన్ను ముందు నా కన్నెంత." రబ్బరు తీసుకుని ఇరవై నాలుగు చెరిపేసింది. పదహారు రాసింది. సగటు పదిహేను.

ఆ వెలుగు నాకు కనిపించింది. కనిపించిందనే అనుకుంటున్నాను.


ఏప్రిల్ 11, శనివారం

ఉదయం మీటింగు. మా ఆస్పత్రిలో క్లీన్ రూములు ఐదే. గాలిని వడగట్టి లోపలికి వదులుతారు, నర్సు తప్ప ఎవరూ వెళ్ళరు. రేడియేషన్ బాగా తగిలినవాళ్ళకు ఇంకో రెండు మూడు వారాల్లో ఒంట్లో కాపలా కణాలు అడుగంటుతాయి. అప్పుడు వార్డులో ఎవరో దగ్గిన దగ్గు కూడా ప్రాణం తీస్తుంది. అందుకని అంతకు ముందే లోపల పెట్టాలి. పంతొమ్మిది మందిలో ఏ ఐదుగురిని పెట్టాలన్నదే ఇవాళ్టి ప్రశ్న.

పెద్దాయన బోర్డు మీద అంకెలు వరసగా రాశారు. మొదటి ఐదుగురికీ ఇరవై పైనే. పదకొండో నంబరు తొమ్మిదో స్థానంలో ఉంది. లెక్క తేలాక పేర్ల కాగితం తెరిచారు.

"మీ తమ్ముడికి తక్కువే తగిలిందమ్మా," అన్నారు పెద్దాయన. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. మీటరాయన నా భుజం తట్టాడు.

హెడ్ సిస్టర్ నవ్వలేదు. "సార్, పదకొండుకు తెల్లకణాలు నాలుగు రోజుల్లో మూడో వంతుకు పడిపోయాయి. పదిహేను వచ్చిన మిగతావాళ్ళకు అంత పడలేదు."

"అవి ఊగుతుంటాయి సిస్టర్. ఇవాళ పడతాయి, రేపు లేస్తాయి. క్రోమోజోము ఊగదు. ఈవిడ లెక్క తప్పడం నేనింతవరకు చూడలేదు."

నేను గ్లాసులో నీళ్ళు పోసుకుంటున్నాను. పోసుకుంటూనే ఉన్నాను, బల్ల తడిసేదాకా.

సాయంత్రం ఇంట్లో మా ఆయన అడిగాడు, తమ్ముడు ఎలా ఉన్నాడని. "పదిహేను," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేను విడమరచలేదు.


ఏప్రిల్ 12, ఆదివారం

పదిహేనంటే రెండు గ్రేలు. గ్రే అంటే మీటరాయన కొలత. రెండు గ్రేలకు దాదాపు ఎవరూ పోరు, పుస్తకాల్లో ఉంది. ఇరవై నాలుగంటే మూడుకు దగ్గర. మూడంటే వేరే పేజీ. ఆ పేజీ తెరవాల్సిన పని లేదు.


ఏప్రిల్ 14, మంగళవారం

మధ్యాహ్నం వార్డుకు వెళ్ళాను. పద్నాలుగు మంచాలు, చివర ఒకటే బాత్రూము. మరదలిని ఇప్పుడు లోపలికి రానిస్తున్నారు. తన జిరాక్స్ షాపు మూసేసి వచ్చి కూర్చుంటోంది. పక్క మంచం ఆయన దగ్గుతున్నాడు. పెద్ద వయసు మనిషి, లైనువాళ్ళ మేస్త్రీ. దగ్గినప్పుడల్లా క్షమించమన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

"నాది నువ్వే లెక్కపెట్టావంటగా," అన్నాడు తమ్ముడు. "ఇంకేం. మనింట్లో అంత గట్టి లెక్క ఎవరిది? నా గోళీలు కాజేసినా సరిగ్గా సగమే కాజేసేదానివి."

"వదినకు నీ గోళీలెందుకయ్యా?" అంది మరదలు.

"అదే నేనూ అడిగేవాణ్ణి. చీటీ రాసి ఇచ్చేది, ఇన్ని తీసుకున్నానని."

పక్కాయన దగ్గాడు.

"ఆయన్ని ఇంకో చోటికి మార్చమను సిస్టర్‌ని," అన్నాను.

"ఎక్కడికి మారుస్తారక్కా? నాకేమైంది? పదిహేనేగా."


ఏప్రిల్ 15

పదిహేను.


ఏప్రిల్ 16

స్లైడ్ల బీరువాకు తాళం వేశాను. మామూలుగా వేయం. తాళంచెవి నా బ్యాగులో ఉంది. అలాంటివి భద్రంగా ఉండాలి కదా.

డేగ అడిగింది, ఎందుకు మేడమ్ అని. దుమ్ము అన్నాను.


ఏప్రిల్ 19, ఆదివారం

సెలవైనా వెళ్ళాను. వరండాలో హెడ్ సిస్టర్ ఆపింది. మనిషి ఎప్పుడూ గొంతు పెంచదు. ఇవాళ ఇంకా తగ్గించింది.

"మేడమ్, మీ తమ్ముడు నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు. చూశారా?"

"లేదు."

"గీసుకోలేదు. అయినా గడ్డం లేదు. రుద్దుకుంటే చేతికొస్తోంది. పదిహేనుకు అలా రాలదు మేడమ్. నాకు మీ అంత చదువు లేదు గాని ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని చూస్తున్నా."

బ్యాగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"ఇంకోటి. ఆ వాంతి సాయంత్రం అయింది కాదంట. పన్లో చేరిన గంటన్నరకే, స్తంభం మీదుండగానే. నిన్న గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు. అప్పుడే చెబితే దిగమంటారు, నేను దిగితే కిందున్నవాడు ఎక్కాలి కదా సిస్టర్ అన్నాడు. ఆ తర్వాత సాయంత్రం అన్న మాటే పట్టుకున్నాడు. పెద్దాయనకు ఇవన్నీ చెబుతాను. కానీ ఆయనకు మీ కాగితం మీదే గురి. ఒక్కసారి ఆ స్లైడు మళ్ళీ చూడండి మేడమ్, మీకు పుణ్యముంటుంది."

"చూడక్కర్లేదు సిస్టర్," అన్నాను. "అది ఇరవై నాలుగు."

నా నోటినుంచే వచ్చింది. అప్పటిదాకా ఎక్కడుందో.


ఏప్రిల్ 20, సోమవారం

మీటింగులో చెప్పాను. లేచి నిలబడి చెప్పాను, స్కూల్లోలాగా. టోపీ సంగతి, ఐస్‌క్రీమ్ సంగతి కూడా. పదో తారీకున గుర్తుపట్టానని చెప్పాను. ఆ తర్వాత అదీ పూర్తి నిజం కాదనిపించింది. ఏడో తారీకున పెద్దాయన గదిలో నిలబడి నాకెలా తెలుస్తుందని అన్నప్పుడే తెలుసు. కనిపిస్తే గుర్తుపడతానని తెలుసు. అదీ చెప్పాను.

డేగ ముందు మాట్లాడింది. "నేను చెరపకుండా ఉండాల్సింది."

"నువ్వు చెరిపావా?" అన్నారు పెద్దాయన. "పెన్సిలుతో రాస్తారా మీరు?"

డేగ తన పెన్సిలు తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"క్లీన్ రూము సంగతి తర్వాత చూద్దాం. ముందు స్లైడు," అన్నారాయన.

బ్యాగులోంచి తాళంచెవి తీసి ఇచ్చాను. స్లైడు పెట్టి తెర మీద చూపించారు. యాభై కణాలూ ఒక్కొక్కటే. అనుమానం ఉన్నచోటల్లా పెద్దాయన నన్ను అడిగారు.

"ఇది?"

"రెండు నడుములది."

"ఇది?"

"ఇదీ."

"ఇది?"

"ఇదీ రెండు నడుములదే సార్."

"కాదు మేడమ్," అంది డేగ. తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. "ఇది నిజంగానే అడ్డంగా పడింది. మధ్యలో వెలుగుంది."

చూశాను. నాకు వెలుగు కనబడలేదు. ఆ రోజు లేనిచోట కనిపించింది, ఇవాళ ఉన్నచోట కనిపించలేదు. ఇరవై ఏళ్ళ కన్ను. దీన్ని ఇంకేం చేసుకోవాలో తెలియలేదు, మూసుకున్నాను.

చివరికి ఇరవై మూడని తేలింది. డేగ లెక్క.

"ఇకనుంచి లెక్క ఈ అమ్మాయిది," అన్నారు పెద్దాయన. "నువ్వు స్లైడ్లు వెయ్యి." కాగితాలు సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే మళ్ళీ అన్నారు. "ఆ రోజే ఆగి చెప్పుంటే నేను కాస్త విసుక్కునేవాణ్ణమ్మా. అంతకన్నా ఏమయ్యేది?"

ఐదు గదులూ నిండి ఉన్నాయి. లోపలున్నవాళ్ళెవరినీ బయటికి తీయడానికి లేదు. అప్పుడు మీటరాయన, వార్డు చివర కట్లు కట్టే గది ఉంది కదా, దాన్నెందుకు మార్చుకోకూడదు అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టారు. మీటరాయన నిచ్చెనెక్కి కిటికీ సందులన్నిటికీ టేపు వేశాడు. ఏసీ మెకానిక్ పాత ఆపరేషన్ థియేటరులోంచి వడపోత ఫ్యాను ఊడదీసుకొచ్చాడు. డేగ ప్లాస్టిక్ షీటు కొలిచి కత్తిరించింది. హెడ్ సిస్టర్ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నేలా గోడలూ మందునీళ్ళతో మూడుసార్లు తుడిచింది. పెద్దాయన తన కళ్ళజోడు జేబులో పెట్టుకుని మంచం ఒక కొస మోశారు. తలుపుకు అద్దం ఉంది. పక్కన గోడకు ఇంటర్‌కమ్ ఫోను బిగించారు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

ఆరింటికి తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళారు.

నాలుగు గంటల పని. తొమ్మిది రోజుల నుంచీ ఆ గది అక్కడే ఉంది. అడిగితే చాలు, చేసేవాళ్ళు.

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. టీ వచ్చినప్పుడు నాకూ ఒక కప్పు ఇచ్చారు.


ఏప్రిల్ 21, మంగళవారం

మరదలికి చెప్పాను. వరండాలో బెంచీ మీద. మొదటినుంచి చివరిదాకా విన్నది.

"అంటే తక్కువ రాశావు."

"తక్కువ చూశాను."

"రెండూ ఒకటే కాదా వదినా?"

ఏమో. అదే నాకూ తెలియడం లేదు. అదే చెప్పాను.

లేచి బెంచీ అవతలి కొసకు వెళ్ళి కూర్చుంది.


ఏప్రిల్ 22

బెంచీ అవతలి కొస.


ఏప్రిల్ 23, గురువారం

జ్వరం. నూట రెండు. ఉదయం నుంచి దగ్గు కూడా.


ఏప్రిల్ 24

ల్యాబు రిపోర్టు వచ్చింది. తమ్ముడి కఫంలో ఉన్నది, మేస్త్రీ కఫంలో ఉన్నది ఒకటే క్రిమి. మేస్త్రీకి అప్పుడే తగ్గిపోయింది. ఆయన కాపలా కణాలు ఆయనకున్నాయి.

కాగితాన్ని ఫైల్లో పెట్టాను. పెట్టాక ఆ ఫైలు ఎక్కడ పెట్టానో మరిచిపోయి గంటసేపు వెతికాను.


ఏప్రిల్ 25, శనివారం

పదకొండు గంటలకు అద్దం దగ్గర నిలబడి ఫోన్ తీశాను. వాడూ తీశాడు. పెదాలు పగిలాయి. మాట నెమ్మదిగా వస్తోంది.

అంతా చెప్పాను. పెద్దాయనకు చెప్పినంత, మరదలికి చెప్పినంత. కొన్ని మాటలు రెండుసార్లు చెప్పి ఉంటాను.

"ఆగాగు. టోపీయా? నా రక్తంలో టోపీ ఉందని ఇన్నేళ్ళూ చెప్పలేదేంటి నువ్వు?"

"చెప్పాను. ఐస్‌క్రీమ్ తింటూ విన్లేదు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. ఫోనులో ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించింది.

"అయితే ఆ మేస్త్రీ పక్కన ఎన్ని రోజులు పడుకున్నాను నేను, నీ లెక్క తర్వాత?"

"తొమ్మిది."

"ఇది మాత్రం సరిగ్గా లెక్కపెట్టావు."

అద్దానికి ఇవతల నిలబడి ఉన్నాను.

"నేనూ చెప్పలేదులే, వాంతి సంగతి," అన్నాడు. "కానీ నాది వేరు. నేను కరెంటువాణ్ణి. నాకేం తెలుసు? నీకు తెలుసు."

"అవును."

"ఇప్పుడు నాకెంత ఛాన్సు? డాక్టరేమో ధైర్యంగా ఉండమంటాడు. నీ మరదలేమో ఏం కాదంటుంది. అద్దం మీద చెయ్యి పెట్టి మరీ అంటుంది. నువ్వు చెప్పు."

"సగం."

"సగమా?"

"ఇంకాస్త తక్కువేమో. ఆ క్రిమి రాకముందైతే చాలా ఎక్కువ."

దగ్గాడు. దగ్గు ఆగేదాకా ఫోన్ పట్టుకునే ఉన్నాడు, పెట్టేయలేదు.

"సరే. రోజూ ఈ టైముకు రా. ఆ కాపలా కణాలు ఎన్నున్నాయో చెప్పు. ఎంతైతే అంత. ఎవరితోనూ కబురు పంపకు, నువ్వే చెప్పాలి. ఇవాళెంత?"

"రెండు వందల అరవై."

"ఎంతుండాలి?"

"నాలుగు వేలు."

"పో ఇక," అన్నాడు.


ఏప్రిల్ 26

180. చెప్పాను.


ఏప్రిల్ 27

140. చెప్పాను.

ఇంత తక్కువకు మిషనును నమ్మరు. డేగ మైక్రోస్కోపు కింద చేత్తో లెక్కపెట్టి చీటీ ఇస్తుంది. ఇంకుతో రాస్తోంది. ఆ గదిలోకి నేను వెళ్ళను.


ఏప్రిల్ 28

110. చెప్పాను. వినబడలేదన్నాడు. మళ్ళీ చెప్పాను.


ఏప్రిల్ 30, గురువారం

90. చెప్పాను. జ్వరం నూట మూడు. పెద్దాయన మందు మార్చారు. మీటింగులో మీటరాయన నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచి అవతల కూర్చున్నాడు. అలవాటుగా చేశాడో, కావాలనే చేశాడో. రెండోదే అయితే నాకు నయం.


మే 2, శనివారం

40. చెప్పాను.

మరదలు బెంచీ మీద ఇటు జరిగింది. పూర్తిగా కాదు, మధ్యదాకా.

"ఇవాళెంత?"

"నలభై."

"ఆయనకు చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"నలభై మందంటే మూడు ఫుట్‌బాల్ టీములన్నాడు. ఏడుగురు మిగులుతారు, వాళ్ళని రిఫరీలు చేద్దామన్నాడు."

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో అడగలేదు.

"నాకు మాత్రం ఆ అంకె చెప్పకు వదినా," అంది కాసేపటికి. "నేను అడిగినా చెప్పకు. ఆయన వినగలడు. నేను వినలేను."


మే 4

20. చెప్పాను.


మే 6, బుధవారం

సున్నా.

చీటీ మడిచి, మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పదో ఇరవయ్యో అనొచ్చు. డేగకు తప్ప ఎవరికీ తెలియదు. పదికీ సున్నాకీ వైద్యంలో తేడా కూడా లేదు, మందు అదే, గది అదే. తేడా వాడికి ఒక్కడికే. ఇదంతా మెట్ల దగ్గర ఆలోచించాను. బాగానే ఆలోచించాను, ఒక్క తప్పు లేదు ఆ తర్కంలో.

చెప్పాను.

ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.


మే 7

సున్నా. చెప్పాను. "నిన్నటిదే కదా," అన్నాడు.


మే 8

సున్నా. నిద్రలో ఉన్నాడు. హెడ్ సిస్టర్ లేపొద్దంది. మూడింటికి మళ్ళీ వెళ్ళి చెప్పాను.


మే 9

సున్నా. చెప్పాను. ఫోన్ పట్టుకోలేకపోయాడు, హెడ్ సిస్టర్ చెవి దగ్గర పెట్టింది. విన్నాడో లేదో. విన్నాడు అంది సిస్టర్. ఆమె అలాంటి విషయాల్లో ఊరికే అనదు.


మే 10

20. చెప్పాను.

డేగను రెండుసార్లు అడిగాను, నిజంగానా అని. "ఒక్క కణం కనబడింది మేడమ్. ఒక్కటే. దాన్ని బట్టి ఇరవై. మీరు ఎక్కువేం అనుకోకండి," అంది. అనుకోలేదు.


మే 11, సోమవారం

40. చెప్పాను. జ్వరం నూటొకటి. ఫోన్ తనే పట్టుకున్నాడు.

ఇంట్లో మా ఆయన, తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగాడు. "నలభై," అన్నాను. ఈసారి విడమరచి చెప్పాను. మొదటినుంచి, ఏడో తారీకునుంచి. ఆయన పళ్ళెం ముందు కూర్చుని విన్నాడు. చల్లారిపోయింది.


మే 12, మంగళవారం

డేగ గది గుమ్మంలో నిలబడి చీటీ ఇచ్చింది. నూట పది.

నిన్న నలభై. లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లెక్కాను. బెంచీ మీద మరదలు నన్ను చూసి లేచింది. ఆమెకు చెప్పకూడదు కాబట్టి చూడనట్టు దాటిపోయాను. వాడు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూడగానే ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

నేను తీయలేదు. ఆగమని చెయ్యి చూపించి వెనక్కి దిగాను.

"ఇంకోసారి లెక్కపెట్టు," అన్నాను.

"ఎందుకు మేడమ్? చూశాగా."

"నువ్వు నాకోసం చూశావేమో."

డేగ నన్ను ఎగాదిగా చూసింది. కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు. కుర్చీ లాక్కుంది.

"అయితే మీరు బయట నిలబడండి మేడమ్. తలుపేసి వెళ్ళండి."

తలుపు వేసి బయట నిలబడ్డాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఇంకో చీటీ రాసి, పాతదాన్ని చించి, కొత్తది చేతిలో పెట్టింది.

పైకి వెళ్ళి ఫోన్ తీశాను.

"ఎంత?"

"తొంభై."

"నీ మొహం చూసి వంద దాటిందనుకున్నా."

"దాటలేదు," అన్నాను. "తొంభై."